సగం వచ్చినోళ్ళ సంగతి



ఈ పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఆగిపోవడం గురించే రాస్తున్నాం కాబట్టి మధ్యలో ఆగకుండా చివరిదాకా వస్తే మాకు సంతోషం.

మన గ్రూపులో రెండు రకాల పోస్టులకు లైకులు బాగా పడతాయి. ఒకటి, 'ఫలానా చోట ఉచిత కోచింగ్, దరఖాస్తుకు ఆఖరి తేదీ ఇది' అనే పోస్టు. రెండోది, మనవాళ్ళలో ఎవరికో ఉద్యోగం వచ్చి మెడలో దండ, చేతిలో మిఠాయి డబ్బాతో ఉన్న ఫోటో. మొదటిది మొదలుపెట్టేవాళ్ళ కోసం. రెండోది గెలిచినవాళ్ళది. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్ళ గురించి మనం ఒక్క పోస్టయినా పెట్టామా? ప్రిలిమ్స్ గట్టెక్కి మెయిన్స్ దగ్గర రెండుసార్లు ఆగినవాళ్ళు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే మాట రానివాళ్ళు. కంప్యూటర్ కోర్సు చేసి సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో దాచుకున్నవాళ్ళు. జిల్లా జట్టులో ఆడి రాష్ట్ర జట్టుకి వెళ్ళలేకపోయినవాళ్ళు. డోలు పట్టుకుంటే నాలుగు దెబ్బలు వేయగలరు గానీ దండారి రోజు పెద్దల ముందు కొట్టమంటే వెనక్కి జరిగేవాళ్ళు. లెక్క తీస్తే మనలో ఎక్కువమంది వీళ్ళే. ఇది రాస్తున్న మేమూ చాలా పనుల్లో వీళ్ళమే.

కొత్తగా మొదలుపెట్టినవాడిని నేర్చుకునేవాడు అంటారు. అంతా వచ్చినవాడిని గురువనో, సారనో అంటారు. మధ్యలో ఉన్నోడికి మాత్రం మర్యాదైన పేరే లేదు. ఉన్నవన్నీ తిట్లే. అరకొర చదువు, సగం సగం, అటూ ఇటూ కానోడు. మేం ఈ పోస్టులో చెప్పదలుచుకున్నది ఏంటంటే, ఈ నడిమి దశ పనిలో ఉంటుంది, మనిషి పుట్టుకలో ఉండదు. ఏ కులపోడికైనా, ఏ దేశపోడికైనా వస్తుంది. మనకి వచ్చినప్పుడు మాత్రం జనం దానికి వేరే కారణం చెప్తారు. మనమూ ఆ కారణాన్నే నమ్మి పుస్తకం మూసేస్తున్నాం.

ముందు ఈ దశ ఎందుకు వస్తుందో చూద్దాం. ఇంగ్లీషే తీసుకోండి, అందరికీ తగిలిన దెబ్బ కాబట్టి. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే మొదటి 2000 మాటలు, వాటి రూపాలతో సహా వచ్చాయనుకోండి. మామూలు పుస్తకంలో దాదాపు 80 శాతం మాటలు తెలిసినవే ఉంటాయి. భాష నేర్పే పనిలో ఉన్నవాళ్ళు లెక్కకట్టి చెప్పిన మాట ఇది. వినడానికి గొప్పగా ఉంది కదా. కానీ 80 శాతం అంటే ఐదు మాటల్లో ఒకటి తెలియదని. ప్రతి లైనులో రెండుసార్లు కాలికి రాయి తగిలినట్టు ఉంటుంది. ఎవరి సాయం లేకుండా నవలో, పేపరో చదువుకోవాలంటే 98 శాతం దాకా తెలియాలట, దానికి 8000 నుంచి 9000 మాటలు కావాలి. ఇప్పుడు మీరే లెక్క వేయండి. మొదటి 2000 మాటలు మనకి 80 శాతం ఇచ్చాయి. తర్వాత నేర్చుకునే 6000, 7000 మాటలు అన్నీ కలిసి ఇచ్చేది 18 శాతమే. మూడింతలు కష్టపడితే పావు వంతు కూడా కనబడని ఫలితం. అందుకే మొదటి ఆరునెలల్లో 'అబ్బ, వచ్చేస్తోంది' అనిపించిన ఇంగ్లీషు, రెండో ఏడు 'ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం' అనిపిస్తుంది. నిజానికి మనం ఆగలేదు. దారి ఏటవాలు మారింది, అంతే. ఘాటీ ఎక్కేటప్పుడు బస్సు స్పీడు తగ్గిందని ఇంజను చెడిపోయింది అనం కదా.

ఇంకో పాత సంగతి. 1890లలో అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు, టెలిగ్రాఫ్ నేర్చుకునే కుర్రాళ్ళను వారం వారం పరీక్షించి గ్రాఫులు గీశారు. ఆ పని 1897లోనూ 1899లోనూ అచ్చయింది. టెలిగ్రాఫ్‌లో రెండు పనులుంటాయి, టకటక కొట్టి పంపడం ఒకటి, అవతలివాళ్ళు కొట్టింది విని రాసుకోవడం ఒకటి. కొట్టడం సాఫీగా పెరుగుతూ పోయింది. వినడం మాత్రం కొన్నాళ్ళు పెరిగి, ఆ తర్వాత వారాల తరబడి గీత అడ్డంగా సాగింది. ఉద్యోగానికి కావాల్సిన వేగం కొంచెం పైనే ఉంది, దాని కిందే గీత ఆగిపోయింది. చాలామంది సరిగ్గా అక్కడే విసిగిపోయి ఆ పని వదిలేసి వెళ్ళేవాళ్ళట. ఆగకుండా ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళకి గీత మళ్ళీ పైకి లేచింది. వాళ్ళు చెప్పిన కారణం ఇది. మొదట్లో కుర్రాడు ఒక్కో అక్షరం వింటాడు. తర్వాత మాటలుగా వింటాడు. ఆ తర్వాతే వాక్యాలుగా వినడం వస్తుంది. గీత అడ్డంగా ఉన్న ఆ రోజుల్లో లోపల అక్షరాలు, మాటలు అలవాటుగా గట్టిపడుతున్నాయి, బయటికి కనబడదు. ఆ ఆగుడు అందరిలోనూ కనబడదని తర్వాత వచ్చిన కొందరు వాదించారు, కాబట్టి దీన్ని వేదవాక్కులా పట్టుకోనక్కర్లేదు. కానీ ఆ కుర్రాళ్ళు ఆదివాసులు కాదు, వాళ్ళకి కోటా లేదు, వాళ్ళది ఏజెన్సీ కాదు. అయినా అక్కడే ఆగారు, అక్కడే వదిలేశారు. మాకు కావాల్సింది ఈ ముక్కే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో రూము తీసుకుని చదివే ఇంకో కుర్రాడు మెయిన్స్‌లో ఆగితే వాళ్ళ ఇంట్లో ఏమంటారు? 'ఈసారి పేపరు కష్టంగా వచ్చింది', 'ఇంకో అటెంప్టు రాయి'. అదే మనవాడు ఆగితే ఏమంటారు? 'వీళ్ళకింతే'. బయటివాళ్ళు అంటే సరే, తిట్టుకుని ఊరుకోవచ్చు. మన ఇళ్ళలోనూ అదే మాట. 'మనకెందుకు బిడ్డా అవన్నీ, పోడు చూసుకో', 'మన చదువు ఇంతవరకే'. ఈ మాటలు ప్రేమతోనే అంటారు, మనం బాధపడటం చూడలేక అంటారు. కానీ పని అదే చేస్తాయి. మొదటి మెట్టు మీద ఉన్నవాడికి ఈ మాట అంటే వాడు వినడు, ఉత్సాహంలో ఉంటాడు. ఒడ్డెక్కినవాడికి అంటే నవ్వి ఊరుకుంటాడు. నడిమిలో ఉన్నవాడికి అంటే సూటిగా తగులుతుంది, ఎందుకంటే వాడికి కూడా లోపల ఆ అనుమానం ఉంటుంది.

మాలో ఒక అక్క గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్ళింది, పేరు వద్దు, సెంటరు పేరూ వద్దు. ప్రిలిమ్స్ అయ్యాక మెయిన్స్‌కి ఆన్సర్లు రాసి తీసుకెళ్ళి దిద్దమని అడిగితే, అక్కడి సారు కాగితాలు తిప్పి చూసి, "మీకు 30 శాతం వస్తే చాలు కదమ్మా, ఎందుకింత టెన్షన్" అన్నాడు. ఆయన ఓదార్పుగానే అని ఉండొచ్చు. 30 శాతం అనేది కనీస అర్హత మార్కు మాత్రమే అని, ఉద్యోగం మెరిట్ లిస్టులో పైనున్నవాళ్ళకే వస్తుందని, ఎస్టీ లిస్టులో కూడా పోటీ గట్టిగానే ఉంటుందని ఆయనకి తెలియకపోదు. కాగితాలు దిద్దకుండా వెనక్కి ఇచ్చాడు. పక్క బల్ల మీద అబ్బాయి కాగితాలు మాత్రం ఎర్ర పెన్నుతో నిండిపోయాయి. దయ చూపించి దిద్దకపోవడం అంటే ఇదే. తప్పులు చూపించే ఎర్ర పెన్ను నడిమిలో ఉన్నవాడికి అన్నం లాంటిది. అది మనకి పెట్టకుండా 'నీకెందుకులే' అంటే, మనల్ని ఆ మెట్టు మీదే కూచోబెట్టినట్టు.

ఇక్కడ జీవో 3 మాట రాకుండా పోదు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. 2000 సంవత్సరంలో వచ్చిన జీవో అది, షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని. దాని మీద మన సంఘాలు చేస్తున్న పోరాటం చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పోరాటం గెలిచేలోపు డీఎస్సీ రాసే తమ్ముడు, చెల్లి ఏం చేయాలి? నినాదం ఇచ్చేచోట గొంతు కావాలి, పరీక్ష హాల్లో ఇంకో పది మార్కులు కావాలి. ఆ పది మార్కులు ఉండేది సరిగ్గా ఈ నడిమి దశకి అవతలి ఒడ్డునే. బీఈడీ, టెట్ అయిపోయి పదేళ్ళ సిలబస్ తెలిసి కూడా ఆ పది మార్కుల దగ్గర ఆగినవాళ్ళు మన మండలాల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

గెలిచినవాళ్ళ కథలు మనం చెప్పుకునే పద్ధతి మీద కూడా మాకొక అభ్యంతరం ఉంది. మాలావత్ పూర్ణ గురించి మనందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. ఆ రోజు ఫోటో, జెండా, అది అందరం షేర్ చేస్తాం. పాకాల నుంచి ఎవరెస్ట్‌కి ఒక్క గెంతు వేసినట్టు చెప్పుకుంటాం. అలా జరగలేదు. ముందు భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్పారు. అక్కడ బాగా ఎక్కినవాళ్ళని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకి పంపారు, అక్కడ రేనాక్ శిఖరం ఎక్కారు. ఆ తర్వాత లడఖ్ చలిలో శిక్షణ. అదీ అయ్యాక ఎవరెస్ట్. అంటే భువనగిరికీ ఎవరెస్ట్‌కీ మధ్య ఎవరో రెండు మెట్లు కట్టారు. ఖర్చు పెట్టి, కోచ్‌ని పెట్టి, కట్టారు. ఆ పిల్ల ధైర్యం తక్కువది కాదు, దానికి వెయ్యి జోహార్లు. కానీ ఆ రెండు మెట్లు లేకపోతే ఆ ధైర్యం భువనగిరి గుట్ట దగ్గరే ఉండిపోయేది. మన ఊళ్ళలో చెట్లెక్కే, గుట్టలెక్కే పిల్లలకి తక్కువా? వాళ్ళకి మొదటి మెట్టు కాళ్ళ కిందే ఉంది. మధ్య మెట్లే లేవు.

ఈ మెట్ల సంగతి మన భాషల్లో ఇంకా బాగా కనబడుతుంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల ఊళ్ళో గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డాక మనకందరికీ ఛాతీ పొంగింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. గుంజాల గోండి అని పేరు పెట్టారు. శిక్షణ శిబిరాలు జరిగాయి, చాలామంది అక్షరాలు నేర్చుకున్నారు. నేర్చుకుని ఏం చేశారు? పేరు రాసుకున్నారు. వాట్సాప్ డీపీ పెట్టుకున్నారు. ఆ తర్వాత? చదవడానికి వాచకం తర్వాత ఏముంది? ఒక చివర అ ఆలు, ఇంకో చివర పండితులు తలపట్టుకుని చదవాల్సిన పాత రాతప్రతులు. మధ్యలో చదువుకోవడానికి చిన్న కథ, పొడుపు కథలు, సంత ధరల పట్టిక, పాటల పుస్తకం, ఏదో ఒకటి దండిగా ఉండాలి. అవి చేతికి అందేంత లేకపోతే అక్షరాలు నేర్చుకున్నవాడు ఏడాదికి మర్చిపోతాడు. 'మనోళ్ళకి భాష మీద శ్రద్ధ లేదు' అని తర్వాత మనమే అంటాం. శ్రద్ధ ఉంది, పెట్టడానికి చోటు లేదు.

మాట్లాడే భాష సంగతి ఇంకో రకం. అవ్వ కోయలోనో, కొలామీలోనో, కువిలోనో, సవరలోనో అడుగుతుంది, మనం తెలుగులో జవాబిస్తాం. అర్థమవుతుంది, తిరిగి రాదు. ఇది కూడా నడిమి దశే, కాకపోతే వెనక్కి దిగుతున్న నడిమి. ఇంగ్లీషులో పైకి ఎక్కుతూ సగంలో ఉన్నాం, అమ్మ భాషలో కిందికి జారుతూ సగంలో ఉన్నాం. రెండింట్లోనూ అడ్డుపడేది ఒకటే, తప్పు మాట్లాడితే నవ్వుతారన్న సిగ్గు. అవ్వ ముందు తప్పు మాట్లాడితే అవ్వ నవ్వుతుంది, నవ్వనివ్వండి. ఆ నవ్వులో ఎకసెక్కం ఉండదు. ఇంగ్లీషు కంటే ఇక్కడ మొదలుపెట్టడం సులువు అని మా అభిప్రాయం.

సవర అంటే గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. ఆయన మనవాడు కాదు, పర్లాకిమిడిలో మాస్టారు. 1890లలో సవర నేర్చుకోవడం మొదలుపెట్టారు. సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని మరీ నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో చెవులు దెబ్బతిన్నాయి. భాష చెవితో నేర్చుకునే మనిషికి చెవులే పోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో వచ్చాయి. మొదలుపెట్టిన రోజుకీ వ్యాకరణానికీ మధ్య ముప్పై ఏళ్ళ పైమాట. ఆ ముప్పై ఏళ్ళూ ఆయన ఏంటి? బిగినరా, ఎక్స్‌పర్టా? రెండూ కాదు. వాచకాలు రాస్తూ, బడి పెట్టి పిల్లలకి చెప్తూ, అడుగుతూ, దిద్దుకుంటూ ఉన్న మనిషి. వచ్చినంత వాడుకుంటూ రానిది నేర్చుకున్నాడు. 'పూర్తిగా వచ్చాక మొదలుపెడదాం' అనుకుని ఉంటే సవర పిల్లలకి ఆ రోజుల్లో పుస్తకమే ఉండేది కాదు.

ఇంత దూరం ఎందుకు, మన ఊళ్ళ పద్ధతే చూడండి. ధింసాలో ఎవరూ 'కొత్తవాళ్ళ బ్యాచ్', 'పాతవాళ్ళ బ్యాచ్' అని విడదీయరు. ఒకరి నడుం వెనక చెయ్యి ఒకరు వేసుకుని వరుస కడతారు. అడుగు బాగా వచ్చిన పెద్దమ్మలు ముందుంటారు, చిన్నపిల్లలు తోకలో వేలాడుతుంటారు, మేం చూసిన ఊళ్ళలో అయితే ఇంతే. మధ్యలో ఉన్న ఆడపిల్లలు ముందువాళ్ళ కాళ్ళు చూస్తుంటారు, వెనకవాళ్ళని చేత్తో లాక్కొస్తుంటారు. వాళ్ళకి పూర్తిగా వచ్చా? రాదు. అడుగు మారేటప్పుడు తడబడతారు. అయినా వరుస నిలబడేది వాళ్ళ వల్లే. ఆ నడిమి తెగితే ముందున్న నలుగురు ఒక చోట, వెనకున్న పిల్లలు ఒక చోట. గుస్సాడీ కూడా అంతే, క్లాసు పెట్టి నేర్పింది ఈమధ్యనే, అంతకుముందు పక్కన నిలబడి ఆడుతూనే వచ్చింది. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటిస్తే మనమంతా పండగ చేసుకున్నాం. ఆయన పోయారు. ఆయన దగ్గర నేర్చుకుని సగం, ముప్పావు వచ్చిన కుర్రాళ్ళు ఇప్పుడు మధ్య వరుసలో ఉన్నారు. వాళ్ళని 'ఆయనంత రాదు' అని పోల్చి చిన్నబుచ్చితే వాళ్ళ వెనక ఇంకెవరూ రారు.

చదువులోకి వచ్చేసరికి మనం ఈ వరుసని మర్చిపోయాం. హాస్టల్లో, కోచింగ్‌లో ఎవడికి వాడు. టాపర్ వీడియోలు చూస్తాం, ఇంటర్వ్యూలు వింటాం. టాపర్ చెప్పేది మనకి సగం పనికిరాదు. అతను అబద్ధం చెప్పడు, తనకి ఏది ఎప్పుడు కష్టంగా ఉండేదో మర్చిపోయి ఉంటాడు. 'ఎన్సీఈఆర్టీ చదవండి, ఆన్సర్ రైటింగ్ ప్రాక్టీస్ చేయండి' అంటాడు. సరే, పది నిమిషాల్లో ఒక ఆన్సరు రాయలేక ఇరవై నిమిషాలు పడుతోంది, ఆ పది నిమిషాలు ఎక్కడ పోతున్నాయో ఎవరు చెప్తారు? నిన్న మొన్నటిదాకా ఇరవై నిమిషాలు పట్టి, ఇప్పుడు పదమూడుకి దించినవాడు చెప్తాడు. 'ముందు నాలుగు మాటలు పక్కన రాసుకో, ఉపోద్ఘాతం రెండు లైన్లే' అని. మనకంటే ఒక్క మెట్టు పైనున్నవాడే మనకి మంచి గురువు. ఆ లెక్కన సగం వచ్చిన ప్రతివాడూ ఇంకెవరికో గురువే.

ఇంకో మాట. నడిమి దశలో పాత పద్ధతినే ఇంకా ఎక్కువ గంటలు చేస్తే ఫలితం తక్కువ. 10,000 గంటలు చేస్తే ఎవడైనా నిపుణుడు అవుతాడని ఒక మాట బాగా తిరుగుతోంది. ఆ మాటకి మూలం 1993లో బెర్లిన్ సంగీత విద్యాలయంలో వయొలిన్ వాయించే విద్యార్థుల మీద ఎరిక్సన్, ఆయన తోటివాళ్ళు రాసిన పరిశోధన. అందులో అసలు విషయం గంటలు కాదు. తమకి ఎక్కడ రావడం లేదో పట్టుకుని అక్కడే కూచుని చేసిన సాధన గురించి. గంటల లెక్కని అలా నినాదం చేయడం ఎరిక్సన్‌కే నచ్చలేదు. మనలో చాలామంది చేసేది దీనికి తిరగబడి ఉంటుంది. వచ్చిన చాప్టరే మళ్ళీ మళ్ళీ చదువుతాం, ఎందుకంటే అది హాయిగా ఉంటుంది. పాలిటీ బాగా వస్తే పాలిటీనే నాలుగోసారి. ఎకానమీ పుస్తకం కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. రోజుకి పన్నెండు గంటలు చదివానంటాం, పన్నెండు గంటలూ తెలిసిన దారిలోనే నడిచాం.

దిద్దేవాళ్ళు లేకపోతే మనకి మనమే దిద్దుకునే ఉపాయాలు ఉన్నాయి. ఫోన్లో రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి రికార్డు చేసి వినండి. మొదటిసారి వినబుద్ధి కాదు, తెలుసు. తేదీ వేసి దాచండి, మూడు నెలలకి మళ్ళీ వినండి. రోజూ చూసుకుంటే పెరిగిన ఎత్తు కనబడదు, గోడ మీద గీత పెట్టుకుంటే కనబడుతుంది. ఆన్సరు పేపర్లూ అంతే, చింపేయొద్దు.

అంటే అందరూ చివరిదాకా వెళ్ళి తీరాలని మేం అనడం లేదు. అన్ని పనుల్లో ఎవడూ నిపుణుడు కాడు, కానక్కర్లేదు. వాలీబాల్ సరదాకి ఆడేవాడు సరదాకే ఆడొచ్చు. ఇంటి పరిస్థితి బాగోలేక చదువు ఆపి ఉపాధికి వెళ్ళినవాళ్ళని ఈ పోస్టు చూపించి ఎవరూ ఒక్క మాట అనొద్దు. నాన్న మంచాన పడితే మెయిన్స్ ఎవరు రాస్తారు. తెలిసి, లెక్క చూసుకుని, ఇక చాలు అని ఆపడం ఒకటి. 'నా వల్ల కాదు, మా వాళ్ళ వల్లే కాదు' అని సిగ్గుతో ఆపడం ఇంకొకటి. మా గొడవ రెండోదానితోనే.

ప్రభుత్వం చేయాల్సింది ఉంది. ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం, పాడేరు, రంపచోడవరం, పార్వతీపురం, సీతంపేట, ఏ ఐటీడీఏ అయినా సరే, ఉచిత కోచింగ్ అంటే మళ్ళీ మొదటి నుంచే మొదలవుతుంది. మూడుసార్లు అదే కోచింగ్ తీసుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. ప్రిలిమ్స్ దాటినవాళ్ళకి విడిగా, ఆన్సర్లు దిద్దే మనిషిని పెట్టి, మూడు నెలలు వసతి ఇవ్వండి అని అడగాలి. వినతిపత్రం మేం రాస్తాం. సంతకాలు మీరు పెట్టాలి. దానికి ఎంతకాలం పడుతుందో మనకి తెలియంది కాదు కాబట్టి, ఈలోపు మన చేతిలో ఉన్నది మొదలుపెడదాం.

నడిమి జట్లు అని పెడుతున్నాం. జట్టుకి నలుగురు లేదా ఐదుగురు. ఒకే పనిలో ఇంచుమించు ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ళు, వాళ్ళలో ఒక్కరు మాత్రం ఒక మెట్టు పైన. గ్రూప్స్, డీఎస్సీ రాసేవాళ్ళు వారానికి రెండు ఆన్సర్లు చేత్తో రాసి, ఫోటో తీసి, జట్టులో పెట్టాలి. ప్రతి ఒక్కరూ ఇంకొకరిది ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పెట్టాలి. 'సూపర్ అన్నా', 'బాగుంది చెల్లీ' అని బొమ్మలు పెట్టి వదిలేస్తే దిద్దినట్టు కాదు. కనీసం మూడు తప్పులు పట్టాలి. ఇంగ్లీషు జట్టులో రెండు నిమిషాల ఆడియో. భాష జట్టులో అవ్వ దగ్గరో తాత దగ్గరో ఒక కథ విని, మన భాషలోనే, తెలుగు లిపిలో అయినా సరే, పది లైన్లు రాయాలి. పది మంది పది లైన్లు రాస్తే, పైన చెప్పామే, చదవడానికి ఏమీ లేదని, ఆ లోటు కొంచెమైనా తీరుతుంది. గుంజాల లిపి వచ్చినవాళ్ళు దాన్ని ఆ లిపిలోకి మార్చి ఇస్తామంటే ఇంకా మంచిది, ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు.

సిగ్నల్ లేని ఊళ్ళవాళ్ళు సంత రోజు పంపండి, ఆలస్యమైందని ఎవరూ అనరు. మూడు వారాలు వరసగా ఏమీ పంపకపోతే జట్టులో ఒకరు ఫోన్ చేస్తారు, తీసేయడానికి కాదు, ఏమైందో అడగడానికి.

ఇష్టమున్నవాళ్ళు ఈ పోస్టు కింద పేరు, మండలం, ఏ పనిలో ఎక్కడ ఆగారో ఒక్క లైనులో రాయండి. 'ఇంగ్లీషు రాదు' అని కాకుండా 'చదివితే వస్తుంది, ఫోన్లో మాట్లాడాలంటే రాదు' అన్నట్టు రాయండి, జట్టు కలపడం మాకు సులువవుతుంది. ఆదివారం సాయంత్రానికి మొదటి ఆరు జట్లు కలిపి పేర్లు పెడతాం. 'అన్నింట్లోనూ ఆగాను అన్నా' అని రాసేవాళ్ళు ముందు ఒక్కటి ఎంచుకోండి.